సెట్టింగుల ఫైలు అందరికీ అందాలంటే

మన హాస్టల్ వంటశాలలో పొయ్యి ఒకటే, గుండిగలు అవే, వంటవాళ్లూ వాళ్లే. అయినా ఒకరోజు సాంబారు, ఒకరోజు పప్పు, వారానికి ఇన్నిసార్లు గుడ్డు అని మారుతూ ఉంటుంది కదా. ఆ మార్పంతా గోడ మీది మెనూ బోర్డులో ఉంది. మెనూ మారినప్పుడల్లా వంటశాల పడగొట్టి కొత్తది కట్టం. బోర్డు మీద సుద్దముక్కతో ఒక మాట తుడిచి ఇంకో మాట రాస్తాం. కంప్యూటర్ ప్రోగ్రాములకు కూడా ఇలాంటి బోర్డు ఒకటి ఉంటుంది. దాన్నే కాన్ఫిగరేషన్ ఫైలు అంటారు. మనం సెట్టింగుల ఫైలు అనుకుందాం.

ప్రోగ్రాం రాసినవాడికి మన ఊరు తెలియదు, మన యంత్రం తెలియదు, మన అవసరం తెలియదు. అందుకని మారే సంగతులన్నీ విడిగా ఒక ఫైలులో పెట్టి, "ఇవి మీరు నింపుకోండి" అని వదిలేస్తాడు. ఆలోచన మంచిదే. చిక్కంతా ఆ బోర్డు మీద ఏం రాయాలో వంటమనిషికి తప్ప ఇంకెవరికీ తెలియనప్పుడు వస్తుంది. డిగ్రీలో, ఇంజనీరింగులో కంప్యూటర్లు చదువుతున్న తమ్ముళ్లు ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో చేసే పని చాలాసార్లు కొత్త ప్రోగ్రాం రాయడం కాదు, ఎవరో రాసిన ప్రోగ్రామును తమ యంత్రంలో నిలబెట్టడం. ఆ పనిలో సగం రోజులు మింగేది ఈ ఫైలే. కాబట్టి దీన్ని నింపడం ఎలా అన్నదానికంటే, ఇతరులు తేలిగ్గా నింపేలా తయారు చేయడం ఎలా అన్నది ఈ పాఠంలో చూద్దాం. పుస్తకాల్లో దీనికి పెద్దగా చోటు ఉండదు.

ఒక పాత ఉదాహరణ తీసుకుంటాం. అది పాతదైనా కథ మొదటినుంచి చివరిదాకా కనిపిస్తుంది కనుక నేర్చుకోవడానికి బాగుంటుంది.

లినక్స్‌లో తెరమీద బొమ్మలు, కిటికీలు చూపించడానికి చాలాకాలం వాడుతూ వచ్చిన ప్రోగ్రాం పేరు ఎక్స్. 1990లలో పీసీల మీద నడిచిన దాని రూపం ఎక్స్‌ఫ్రీ86. దానికొక సెట్టింగుల ఫైలు ఉండేది. కీబోర్డు ఏది, మౌస్ ఏది, వీడియో కార్డు ఏది, మానిటర్ ఏది అని విభాగాలుగా అన్నీ అందులో రాయాలి. మానిటర్ విభాగంలో ఇలాంటి వరుస ఒకటి వచ్చేది:

"640x480" 25.175 640 656 752 800 480 490 492 525

చూడగానే గుండె జారుతుంది. కానీ ఇది మన ఇంటర్ లెక్కే. ఆ రోజుల్లో మానిటర్ అంటే పెట్టెలాంటి గాజు గొట్టం. లోపల ఎలక్ట్రాన్ల కిరణం ఎడమనుంచి కుడికి ఒక గీత గీసి, వెనక్కి వచ్చి, కింది గీత గీస్తూ పోతుంది. కుడి చివరనుంచి ఎడమకు తిరిగి రావడానికి దానికి కొంచెం సమయం కావాలి. అందుకే కనిపించే చుక్కలు 640 అయినా, తిరిగి వచ్చే సమయంతో కలిపి గీతకు 800 చుక్కల కాలం పడుతుంది. 656, 752 అన్నవి "ఇక వెనక్కి తిరుగు" అనే సంకేతం మొదలయ్యే, ముగిసే చోట్లు. నిలువుగా కూడా అంతే. కనిపించేవి 480 గీతలు, మొత్తం 525. మొదటి అంకె 25.175 అంటే సెకనుకు 2,51,75,000 చుక్కలు. దీన్ని 800తో భాగించండి. సెకనుకు సుమారు 31,469 గీతలు వస్తాయి, అంటే దాదాపు 31.5 కిలోహెర్ట్జ్. దాన్ని 525తో భాగించండి. 59.94 వస్తుంది. తెర సెకనుకు ఇంచుమించు 60 సార్లు మొత్తంగా గీయబడుతోందన్నమాట.

లెక్క కష్టం కాదని చూశారు కదా. కానీ ప్రశ్న అది కాదు. ఉత్తరం టైపు చేసుకోవడానికి కూర్చున్న మనిషి ఈ లెక్క ఎందుకు చేయాలి? పైగా మానిటర్ తట్టుకోగల పరిధి దాటి అంకె వేస్తే కొన్ని పాత మానిటర్లు పాడయ్యే ప్రమాదం ఉండేది. ఎక్స్‌ఫ్రీ86 పత్రాల్లోనే ఆ హెచ్చరిక ఉండేది. ఆ పరిధి ఎంతో మానిటర్‌తో వచ్చిన చిన్న పుస్తకంలో చూసుకోమనేవారు. సెకండ్‌హ్యాండ్ మానిటర్ కొన్నవాడి దగ్గర పుస్తకం ఎక్కడిది?

మొదట చేసిన సాయం నమూనా ఫైలు ఇవ్వడం. ప్రతి వరుస పక్కన # గుర్తు పెట్టి వివరణ రాశారు. # తర్వాతిది ప్రోగ్రాం చదవదు, మనిషి చదువుతాడు. ఇది చిన్న సాయం కాదు. అయినా చదివి అర్థం చేసుకునే ఓపిక, ఇంగ్లిషు రెండూ ఉన్నవాళ్లకే అందింది.

తర్వాత ప్రశ్నలడిగే ప్రోగ్రాములు వచ్చాయి. మౌస్ ఏ రకం, కీబోర్డు ఏ రకం అని ఒక్కొక్కటే అడుగుతూ పోయి చివరికి ఫైలు తానే రాసిపెట్టేవి. రంగురంగుల కిటికీలతోనూ వచ్చాయి. బాగుంది. కానీ మధ్యలో ఒకచోట "మీ మానిటర్ అడ్డ సింక్ పరిధి ఎంత?" అని అడిగేవి. తెలియనివాడు అక్కడే ఆగిపోతాడు. ఫైలులో అడిగినా, నీలిరంగు పెట్టెలో అడిగినా ప్రశ్న అదే! అర్థం కాని ప్రశ్నకు అందమైన పెట్టె కట్టినంత మాత్రాన అది అర్థమైపోదు. నేటికీ చాలామంది ప్రోగ్రామర్లు ఈ దశలోనే ఆగిపోతారని మా అభిప్రాయం. వందవరుసల ఫైలును వంద పెట్టెల కిటికీగా మార్చి, "సులభం చేశాం" అంటారు.

అసలు పరిష్కారం వేరే దిక్కునుంచి వచ్చింది. మానిటర్ పరిధి మానిటర్ తయారుచేసినవాడికి తెలుసు. ఆ వివరాన్ని మానిటర్‌లోనే ఒక చిన్న చిప్పులో రాసి పెడితే, కంప్యూటర్ తీగ ద్వారా దాన్నే అడగవచ్చు కదా! 1994లో వీసా అనే ప్రమాణాల సంఘం (మనం విమానం ఎక్కడానికి తీసుకునే వీసా కాదు) దీనికి పద్ధతి ఖాయం చేసింది. ఆ వివరాల ముక్క పేరు ఎడిడ్. పరిమాణం 128 బైట్లు. తయారీదారు ఎవరు, మోడల్ ఏది, ఏయే కొలతల్లో బొమ్మ చూపగలదు అన్నీ అందులోనే. ఎక్స్ ప్రోగ్రాం క్రమక్రమంగా వీడియో కార్డును తానే గుర్తించడం, మానిటర్‌ను తానే అడగడం నేర్చుకుంది. 2004లో ఎక్స్‌ఫ్రీ86 నుంచి విడిపోయి ఎక్స్.ఆర్గ్ ముందుకొచ్చాక ఈ పని బాగా సాగింది. ఇప్పుడు లినక్స్ వేసుకుంటే మామూలుగా ఆ ఫైలే ఉండదు. ఉందని కూడా చాలామందికి తెలియదు.

ఇక్కడ నేర్చుకోవలసింది ఒకటుంది. సెట్టింగు రాసేముందు "ఈ సంగతి ఎవరికి తెలుసు?" అని అడగాలి. యంత్రానికే తెలిస్తే యంత్రాన్ని అడగాలి. ప్రోగ్రాం రాసినవాడికి తెలిస్తే వాడే ఒక విలువ పెట్టి వదలాలి. వాడుకునే మనిషికి మాత్రమే తెలిసిన సంగతే మనిషిని అడగాలి. ఈ మూడు గంపల్లోకి ఏరితే వంద ప్రశ్నల్లో మనిషి వాటాకు వచ్చేవి నాలుగో ఐదో. వర్డ్‌ప్రెస్ అనే వెబ్‌సైట్ల ప్రోగ్రాం పల్లెటూరి ఇంటర్నెట్ సెంటర్ దాకా వెళ్లిందంటే ఇదొక కారణం. పెట్టుకునేటప్పుడు సెట్టింగుల ఫైలు కోసం డేటాబేసు పేరు, దాని యూజరు, పాస్‌వర్డ్, అది ఉన్న చోటు, పట్టికల పేర్లకు ముందు పెట్టే అక్షరాలు, ఈ అయిదే అడుగుతుంది. చివరి రెండూ చాలాసార్లు ఉన్నవి ఉన్నట్టే వదిలేయవచ్చు.

అయితే ఫైలును పూర్తిగా మాయం చేయడమే మంచిదని మేము అనం. తీగలో ఒక పిన్ను విరిగితే మానిటర్ జవాబు చెప్పలేదు. అప్పుడు "నేనే చెప్తాను, రాసుకో" అనడానికి మనిషికి ఒక చోటు ఉండాలి. 2010లో వచ్చిన ఎక్స్ సర్వర్ 1.8లో దీనికి చక్కని ఏర్పాటు చేశారు. ఒక ఫోల్డరు ఉంటుంది. మొత్తం ఫైలు రాయనక్కర్లేదు, తేడా ఉన్న ముక్క మాత్రం ఒక చిన్న ఫైలులో రాసి అందులో పడేస్తే చాలు. మిగతాదంతా తనే చూసుకుంటుంది. తెలియనివాడికి ఏమీ కనిపించదు, తెలిసినవాడికి తలుపు తెరిచే ఉంటుంది.

ఇదంతా ఎందుకు పట్టించుకోవాలి అంటారేమో. మా బ్యాచ్ వాళ్లం కలిసి చదువుకునే రోజుల్లో ఒక హాస్టల్‌లో దాతలిచ్చిన పాత కంప్యూటర్ ఉండేది. దాని మానిటర్ కాలిపోతే ఇంకొకటి తెచ్చి తగిలించారు. తెర నల్లగా నిలబడింది. ఫైలులో అంకెలు మార్చడం తెలిసిన ఒకే ఒక్క సీనియర్ అప్పటికే ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. ఆ కంప్యూటర్ మీద దుప్పటి కప్పారు. పరీక్షలయ్యాయి, సెలవులయ్యాయి, దుప్పటి మాత్రం తీయలేదు. ఆ ఏడాది అక్కడ చేరిన పిల్లలు కీబోర్డు ముట్టకుండానే పదో తరగతి దాటారు. యంత్రం చెడిపోలేదు! తొమ్మిది అంకెలు సరిగా పడలేదు, అంతే.

మనలో చాలామంది ఇళ్లలో మొదట బడికి వెళ్లినవాళ్లం మనమే. ఆదాయ ధ్రువపత్రం ఫారం నింపాలంటే ఆఫీసు బయట బల్ల వేసుకుని కూర్చున్నవాడికి నాన్న డబ్బులివ్వడం చూశాం. ఫారం కష్టంగా ఉన్నచోటల్లా దళారీ పుడతాడు. సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే, ఫైలు ఎంత గజిబిజిగా ఉంటే దాన్ని చదవగల నలుగురికి అంత గిరాకీ. ఆ నలుగురిలో ఒకడిగా ఉండటం హాయిగానే ఉంటుంది, అది కూడా ఒప్పుకోవాలి.

అలాంటి గిరాకీకి పేరుపడ్డది సెండ్‌మెయిల్. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఎరిక్ ఆల్‌మన్ రాసిన ఉత్తరాల బట్వాడా ప్రోగ్రాం అది, 1980ల తొలి రోజులది. దాని ఫైలు చూస్తే డాలర్ గుర్తులు, నక్షత్రాలు, బాణాలు తప్ప మాటలు పెద్దగా కనబడవు. దాన్ని వివరించే పుస్తకం తర్వాతి ముద్రణల్లో వెయ్యి పేజీలు దాటింది. చివరికి ఏం చేశారంటే, పైన మనిషి చదవగలిగే పది పదిహేను వరుసల ఫైలు ఒకటి పెట్టి, దాన్నుంచి అసలు ఫైలును ఎమ్4 అనే పనిముట్టుతో పుట్టించారు. ఇది మంచి ఉపాయమే గానీ, ఎవరైనా తొందరపడి కింది ఫైలులోనే దిద్దితే, మళ్లీ పుట్టించినప్పుడు ఆ దిద్దుబాటు కొట్టుకుపోతుంది. అందుకే దాని నెత్తిన "దీన్ని ముట్టవద్దు, పైదాన్ని దిద్దు" అని పెద్దక్షరాలతో రాసి ఉంటుంది.

ప్రశ్నలు తగ్గించలేని చోట్లు కూడా ఉంటాయి. లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్‌ను సొంతంగా కట్టుకోవాలంటే వేలకొద్దీ ఎంపికలు. ఒకప్పుడు అవన్నీ వరుసగా ఒక్కొక్కటే అడిగేది. మధ్యలో ఒకటి తప్పు కొడితే వెనక్కి పోవడానికి దారి లేదు. 2002లో రోమన్ జిప్పెల్ చేసిన కేకాన్ఫిగ్ అనే పద్ధతి కెర్నల్‌లో చేరింది. అందులో ఒక ప్రశ్న ఇంకోదాని మీద ఆధారపడితే, మొదటిదానికి "వద్దు" అన్నప్పుడు రెండోది కనిపించనే కనిపించదు. కెర్నల్‌లో మాకు నచ్చిన సంగతి ఇంకోటి ఉంది. చాలా ప్రశ్నల సహాయవాక్యం చివర "తెలియకపోతే 'వద్దు' అను" అనో, "తెలియకపోతే 'సరే' అను" అనో రాసి ఉంటుంది. తెలియకపోవడం సిగ్గుపడాల్సిన సంగతి కాదని, దానికీ ఒక జవాబు ఉందని చెప్పే ఆ చిన్న వాక్యం ఎంతమందిని గట్టెక్కించిందో.

డెబియన్ అనే లినక్స్‌లో ఇంకో ఏర్పాటు. ప్రతి ప్రశ్నకూ ఒక తూకం రాసిపెడతారు: తప్పనిసరి, పెద్దది, మధ్యరకం, చిన్నది. మామూలుగా మొదటి రెండు రకాలే తెరమీదికి వస్తాయి, మిగతావాటికి ముందే పెట్టిన జవాబు తీసుకుంటుంది. అన్నీ చూడాలనుకునేవాడు మీటను కిందికి తిప్పుకోవచ్చు. మనం దిద్దుకున్న ఫైలును కొత్త వెర్షన్ వచ్చినప్పుడు చెప్పకుండా తుడిచేయదు కూడా. "మీది ఉంచనా, కొత్తది వేయనా, రెండింటికీ తేడా చూపనా?" అని అడుగుతుంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేసుతో చాలాకాలం "చిన్న", "మధ్య", "పెద్ద", "భారీ" అనే పేర్లతో నమూనా ఫైళ్లు వచ్చేవి. బఫరు ఎంత అని అడగకుండా, నీ యంత్రంలో మెమరీ ఎంత అని అడిగినట్టన్నమాట. తర్వాత వాటిని తీసేశారు గానీ ఆ ఆలోచన మన చిన్న ప్రోగ్రాములకు ఇప్పటికీ పనికొస్తుంది.

తప్పులు పట్టడం గురించి చెప్పకపోతే పాఠం సగమే. యూనిక్స్ యంత్రాల్లో ఎవరికి ఏ అధికారం అని రాసే సుడోయర్స్ అనే ఫైలు ఉంది. అందులో ఒక్క అక్షరం తప్పు పడితే, ఆ తప్పు దిద్దే అధికారం కూడా పోవచ్చు! తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టు. అందుకని దాన్ని దిద్దడానికి వీసుడో అని ప్రత్యేక పనిముట్టు పెట్టారు. మనం రాసింది ముందు పక్కన ఉంచుకుని, చదివి చూసి, తప్పుంటే ఏ వరుసలో ఉందో చెప్పి "ఇప్పుడేం చేద్దాం?" అంటుంది. సరిగా ఉంటేనే అసలు ఫైలులోకి పోతుంది. అపాచీ, ఎన్‌జిన్‌ఎక్స్ లాంటి వెబ్ సర్వర్లకూ నడిపేముందు ఫైలును సరిచూసే ఆజ్ఞ ఉంది. మీ ప్రోగ్రాం ఎంత చిన్నదైనా ఇలాంటి తనిఖీ ఒకటి పెట్టండి. "ఎర్రర్ 17" అని మాత్రం చెప్పకండి. ఏ వరుస, ఏం కనబడింది, ఏం ఉండాలి, మూడూ చెప్పండి.

ఫైలు భాష కూడా మోసం చేస్తుంది. యామిల్ అనే రూపంలో యెస్, నో అన్న మాటలను 1.1 వెర్షన్ అవును-కాదులుగా చదువుకునేది. దేశాల రెండక్షరాల గుర్తుల జాబితా రాస్తే, నార్వే దేశానికి గుర్తు ఎన్, ఓ. అన్ని దేశాలూ దేశాలుగానే ఉండి నార్వే ఒక్కటి "కాదు" అయిపోయేది! 2009లో వచ్చిన 1.2లో దీన్ని సరిచేశారు. ఇక జేసన్ రూపం తీసుకుంటే అందులో వ్యాఖ్య రాసుకోవడానికే చోటు లేదు. మనుషులు దిద్దే ఫైలుకు అది తగదని మేమంటాం. యంత్రాలు యంత్రాలతో మాట్లాడుకోవడానికి పరవాలేదు.

మన తెలుగుకు సంబంధించిన ముచ్చట కూడా ఉంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటు ఉండేది. అయినా చాలా కంప్యూటర్లలో తెలుగు బదులు డబ్బాలో, విడిపోయిన గుణింతాలో కనిపించేవి. కారణం ఒక టిక్కు. కంట్రోల్ ప్యానెల్‌లో ప్రాంతీయ, భాషా ఎంపికల్లోకి వెళ్లి, భాషల పుటలో "సంక్లిష్ట లిపులకు, కుడినుంచి ఎడమకు రాసే భాషలకు ఫైళ్లు వేయి" అనే అర్థమిచ్చే ఇంగ్లిషు వాక్యం పక్కన టిక్కు పెట్టాలి. విండోస్ సీడీ అడిగితే ఇవ్వాలి, యంత్రాన్ని మళ్లీ మొదలుపెట్టాలి. ఆ వాక్యంలో తెలుగు అన్న మాట లేదు, హిందీ అన్న మాటా లేదు. థాయ్ పేరు ఉంది! తన భాష "సంక్లిష్ట లిపి" అని మనవాడికి ఎవరు చెప్పాలి? 2007లో విస్టా వచ్చాక ఆ టిక్కు అవసరం పోయింది. సాంకేతికంగా తెలుగు ముందునుంచే ఉంది, ప్రశ్న తెలుగువాడికి అర్థమయ్యే మాటలో లేదు.

ఇప్పుడు చేతిపని. హాస్టల్ లైబ్రరీ పుస్తకాలు ఎవరు తీసుకున్నారో రాసుకునే చిన్న ప్రోగ్రాం మీరు రాశారనుకోండి. దాని సెట్టింగులు మొదట ఇలా ఉంటాయి:

మోడ్ = 2
టైమవుట్ = 1209600
ఫ్లాగ్3 = 0

ఈ 1209600 ఏమిటి? సెకన్లు. రోజుకు 86400 చొప్పున 14 రోజులు. మోడ్ 2 అంటే గదుల వారీగా కాకుండా తరగతుల వారీగా జాబితా చూపడం. ఆ సంగతి రాసినవాడికి మాత్రమే తెలుసు, వచ్చే ఏడాదికి వాడూ మరచిపోతాడు. అదే ఫైలును ఇలా రాసి చూడండి:

# పుస్తకం ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలి? 1 నుంచి 30 వరకు. తెలియకపోతే 14 ఉంచండి.
గడువు_రోజులు = 14

# జాబితా ఎలా చూపాలి? "తరగతి" లేదా "గది".
జాబితా = తరగతి

పేర్లు ఇంగ్లిషులో పెట్టినా పద్ధతి ఇదే. సెకన్ల లెక్క ప్రోగ్రాం చేసుకుంటుంది, మనిషి రోజుల్లో ఆలోచిస్తాడు. పేరులోనే "రోజులు" అని ఉంది కాబట్టి ఎవరూ నెలలనుకోరు. ఎవరైనా 140 వేస్తే ప్రోగ్రాం "2వ వరుస" అని ఉత్తినే అరవకుండా "గడువు_రోజులు 30కి మించకూడదు, మీరు 140 రాశారు" అనాలి. వరుస పూర్తిగా చెరిపేసినా 14 అనుకుని నడవాలి.

రాశాక, మీ ప్రోగ్రాం గురించి ఏమీ తెలియని తొమ్మిదో తరగతి తమ్ముణ్ణి కూర్చోబెట్టి ఫైలు చేతికివ్వండి. "గడువు వారానికి మార్చు" అనండి. పక్కన కూర్చుని నోరు మెదపకుండా చూడండి. ఇదే అన్నిటికంటే కష్టమైన పని, చెప్పేయాలని నాలుక దురదపెడుతుంది. వాడు ఎక్కడ ఆగాడో, ఎక్కడ తల గోక్కున్నాడో ఆ వరుస దగ్గర పెన్సిలుతో గీత పెట్టుకోండి. ఆ గీత వాడి చదువు మీద కాదు, మీ ఫైలు మీద.

పై ఉదాహరణలో ఫ్లాగ్3 అన్నదాన్ని మేము కావాలనే వదిలేశాం. అది 1 అయితే గడువు దాటిన పుస్తకానికి రోజుకు ఇంత అని జరిమానా పడుతుంది, 0 అయితే పడదు. దానికి పేరేం పెట్టాలి, ప్రశ్న ఎలా అడగాలి, ఏమీ రాయకపోతే జరిమానా పడాలా వద్దా, ఇవి మీరు రాసి చూడండి. చివరి ప్రశ్నకు జవాబు రాసేముందు లైబ్రరీలో పుస్తకాలు తీసుకునే పిల్లలను ఒకసారి అడగండి.